లచ్చన్న అడుగు

పైడితల్లికి మైకు కుదరడం లేదు.

ఆ సాయంత్రం ఆమె బుర్రకథ చెప్పాలి. పండగ పెద్దది. ఈసారి వేదికను మైదానం మధ్యకు జరిపి, మూడు వైపులా జనాన్ని కూర్చోబెడుతున్నారు. స్టాండు మైకు ముందు నిలబడి చెబితే రెండు వైపుల వాళ్ళకి చెవులే తప్ప ముఖం కనబడదు. అందుకని కథ చెప్పేవాళ్ళందరూ తలకు తగిలించుకునే మైకే పెట్టుకోవాలని కమిటీ పెద్ద ముందే చెప్పేశాడు.

ఇంకో మాట కూడా అన్నాడు.

"ఇన్నాళ్ళూ లచ్చన్నగారిని చూసి ఈ దళాన్ని పిలిచాం. ఆయన కథ మానేశారు. ఇవాళ ఈ అమ్మాయి నిలబెడితే సరే. లేదంటే వచ్చే ఏటి నుంచి ఈ సాయంత్రం కథ కూడా సన్యాసిరావు దళానికే ఇచ్చేస్తాం."

లచ్చన్న ఆమె గురువు. కిందటేడు ఒకరోజు తంబురానూ, వేళ్ళకు తొడిగి మోగించే అందెలనూ ఆమె చేతిలో పెట్టి, ఇక నువ్వు చెప్పు అన్నాడు. ఎందుకని అడిగితే, ముసలాణ్ణయిపోయానన్నాడు. ఇప్పుడు వేదిక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

మధ్యాహ్నం నుంచీ ఆమె మైకులు మారుస్తోంది. మొదటిది ఒక్క చెవికి తగిలించేది. చిందు వేయగానే జారి మెడ మీదికి వచ్చేసింది. రెండోది రెండు చెవులకూ గట్టిగా పట్టింది గానీ, చుట్టుపక్కల చప్పుడంతా లాక్కునే రకం. ఆమె గొంతు కన్నా ముందు, పక్కన నిలబడి వంత పాడే వంతల డక్కీలే వినబడ్డాయి. మూడోది నోటిమాట తప్ప వేరేది పెద్దగా పట్టదు. మైకుసెట్టు ఖాదరు దాని కాడను ఆమె చెంపకు టేపుతో అంటించాడు. చెవుల బుట్టలు కాడకు తగిలి టకటకమంటున్నాయని తీయించేశాడు. ఊపిరి నేరుగా కొట్టకుండా మైకు మొనను పెదవుల ముందు నుంచి నోటి మూలకు జరిపాడు.

అంతా కుదిరింది. ఒక్క చోట తప్ప.

లచ్చన్న అడుగు దగ్గర.

ఆ అడుగు తెలియని కథకుడు ఆ జిల్లాలో లేడు. కథ మంచి పట్టులోకి వచ్చి, గొంతు చిట్టచివరి మెట్టు ఎక్కిందనగా, లచ్చన్న గబుక్కున వెనక్కి అడుగేసేవాడు. ముఖం పక్కకు తిప్పి, తంబురా మీదికి వంగి, అందెలున్న చెయ్యి గుండెకు ఆనించుకునేవాడు. ఆ వంగడం చూసి ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. ఆ వంగడం చూసే వంతలు తమ వరస అందుకునేవారు. మొదట ఆయన శిష్యులు నేర్చుకున్నారు. తర్వాత పక్క దళాల వాళ్ళూ నేర్చుకున్నారు. సన్యాసిరావు వేసేదీ ఆ అడుగే. అది రాకపోతే కథ రానట్టే లెక్క.

పైడితల్లి దాన్ని అద్దం ముందు నేర్చుకుంది. భుజం ఎంత దిగాలి, చెయ్యి గుండె మీద ఎక్కడ పడాలి, తల లేపేటప్పుడు ముఖంలోకి నవ్వు ఎలా రావాలి, అన్నీ చూసి చూసి పట్టుకుంది. ఇప్పుడు తన దగ్గరికి వచ్చే ఆడపిల్లలకు నేర్పుతోంది కూడా.

ఇవాళ ఆ అడుగు వేసిన ప్రతిసారీ స్పీకర్లు కీచుమంటున్నాయి. ఆ వెంటనే ఆమె పీల్చుకునే ఊపిరి మైదానమంతా బుస్సుమంటోంది.

"అక్కా, నా మాట విను," అన్నాడు ఖాదరు. "స్టాండు మైకయితే నువ్వు వెనక్కెళ్ళినా అది అక్కడే ఉండిపోద్ది. దూరమయ్యావు గనక నువ్వెంత గొంతు విప్పినా సరిపోద్ది. ముఖం తిప్పి ఊపిరి తీసుకున్నా ఎవరికీ తెలీదు. ఇది నీ చెంపనంటుకుని ఉంది. నువ్వెక్కడికెళ్తే అక్కడికొస్తది. ఆ అడుగొక్కటీ మానెయ్."

"మానెయ్యాలా? ఏటి మాటలయ్యా అవి? కథ మానెయ్యమను, మానేస్తాను."

మైకు సరిచూసుకునే తన వంతు కోసం కింద కాచుకున్న సన్యాసిరావు నవ్వాడు. "మైకు మీద పడి ఏడుస్తావేటమ్మా? గొంతుంటే ఏ మైకయినా పలుకుద్ది."

"నీ వంతు రానీ అన్నా. నువ్వేసేదీ ఇదే అడుగు కదా, అప్పుడు వింటాను నీ మైకెలా పలుకుద్దో."

సన్యాసిరావు వంతలే నవ్వేశారు. ఆయన నవ్వడం మానేశాడు.

పైడితల్లి వేదిక దిగి గురువు కుర్చీ దగ్గరకు వచ్చింది. చెంప మీది టేపు ఊడదీసి మైకు చేతిలోకి తీసుకుంది.

"గురువుగారూ, మూడూ చూశాను. పట్నంలో ఇంకా మంచివి ఉన్నాయంట. బండేసుకుని వెళ్తే చీకటి పడేలోగా తేవచ్చంట. ఏ రకం మైకు పెట్టుకుంటే మీ అడుగు నిలబడుద్దో మీరే చెప్పాలి."

లచ్చన్న చెయ్యి చాపాడు. "అదిలా తే."

ఆమె ఇచ్చింది. ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి తిరిగి ఆమెకే ఇచ్చాడు.

"పెట్టు నాకు."

"మీకెందుకు గురువుగారూ, ఈ ఎండలో..."

"పెట్టమన్నాను."

ఆయన చెంపకు గడ్డం అడ్డమొచ్చి టేపు అంటలేదు. ఖాదరు చెవి వెనక అంటించి సర్దాడు. లచ్చన్న మెట్ల కమ్మీ పట్టుకుని నెమ్మదిగా వేదిక ఎక్కి తంబురా భుజానికెత్తుకున్నాడు. చెట్టుకొకరుగా కూర్చున్న దళాలవాళ్ళంతా లేచి వచ్చేశారు. ఆయన గొంతు విని ఏడాది దాటింది. సన్యాసిరావు భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకున్నాడు.

యుద్ధం నుంచి కొడుకు వచ్చి కోట తలుపు తట్టే ఘట్టం ఎత్తుకున్నాడు లచ్చన్న.

"తలుపు తీయవే తల్లీ, తల్లడిల్లకే, కొడుకు వచ్చెనే..."

గొంతు మారలేదు. నిండు బిందె ఎత్తినట్టు ఎక్కడా తొణక్కుండా పైకి లేచింది. పైడితల్లికి ఒళ్ళు జలదరించింది. గొంతు చిట్టచివరి మెట్టు ఎక్కింది. ఆయన గబుక్కున వెనక్కి అడుగేశాడు. ముఖం తిప్పాడు. వంగాడు. చెయ్యి గుండె మీద పడింది.

అప్పుడు స్పీకర్లలోంచి వచ్చిందది.

అదేం చప్పుడో ముందు ఎవరికీ అర్థం కాలేదు. తడిసిన గోనెసంచిని మెల్లగా చించుతున్నట్టు ఉంది. దాని వెనకే సన్నగా ఈల. లోపల ఏదో ఇరుక్కుని బయటికి రాలేక గింజుకుంటున్నట్టు గురక. మింగేసిన దగ్గు. చివర్న, పళ్ళ సందు నుంచి, "అమ్మా."

మైదానం నాలుగు మూలలా కట్టిన స్పీకర్లన్నీ ఆ మూలుగును ఒక్కసారే వినిపించాయి.

ఖాదరు చెయ్యి మిషను మీదికి పోయింది.

"తగ్గించకు," అన్నాడు లచ్చన్న. అదీ మైకులోనే వినబడింది.

తల ఎత్తాడు. ముఖంలో అదే నవ్వు. ఆమె అద్దం ముందు అన్నాళ్ళు సాధన చేసిన నవ్వు. రెండో చరణం ఎత్తుకున్నాడు. మళ్ళీ గొంతు తొణక్కుండా లేచింది. మళ్ళీ అడుగు. మళ్ళీ అదే చప్పుడు, ఈసారి ఇంకా ఎక్కువసేపు.

పైడితల్లి ఆ చెయ్యి వైపు చూసింది. ఇన్నేళ్ళూ జనంలో కూర్చుని చూసిన చెయ్యి. వేళ్ళు చొక్కాను పిడికిట్లో నలిపేస్తున్నాయి. గోళ్ళు తెల్లబడ్డాయి. భావం పట్టిస్తున్నాడనుకుంది ఇన్నాళ్ళూ.

ఎవరి చేతిలోంచో డక్కీ జారి కింద పడింది. దాన్ని తీయడానికి కూడా ఎవరూ వంగలేదు. సన్యాసిరావు చెయ్యి తనకు తెలియకుండానే గుండె మీదికి వెళ్ళింది. చూసుకుని, నిప్పు తగిలినట్టు దించేసుకున్నాడు.

"చాలు గురువుగారూ, చాలు!" పైడితల్లి మెట్లెక్కి పరుగెత్తుకుని వచ్చి మైకు పీకేయబోయింది. లచ్చన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఊపిరి అందేదాకా ఆగాడు. ఆ ఆగడం కూడా అందరూ విన్నారు.

"నాది ఉబ్బసం," అన్నాడు. "మీకందరికీ ఏటొచ్చింది?"

మైకు తనే తీసి ఆమె చేతిలో పెట్టి మెట్లు దిగిపోయాడు.

సాయంత్రానికి మైదానం నిండింది. పట్నానికి బండి వెళ్ళలేదు. పైడితల్లి ఆ మూడో మైకే పెట్టుకుంది. ఖాదరు కాడను ఆమె చెంపకు అంటించాడు. కమిటీ పెద్ద ముందు వరసలో కూర్చున్నాడు. పక్కనే సన్యాసిరావును కూర్చోబెట్టుకున్నాడు.

కథ నడిచింది. కోట తలుపు దగ్గరకు వచ్చింది. "కొడుకు వచ్చెనే" అని గొంతు పైకి లేస్తుండగా ఆమె కాలు అలవాటుగా వెనక్కి లేచింది. గాల్లోనే ఆగింది. మళ్ళీ ఎక్కడి నుంచి లేచిందో అక్కడే దిగింది. ఆమె వంగలేదు. ముఖం తిప్పలేదు. జనం ముఖాల్లోకి చూస్తూ, గొంతు ఎంతవరకు విప్పాలో అంతవరకే విప్పి, నోరు మూసి ముక్కుతో ఊపిరి తీసుకుంది. స్పీకర్లు కీచుమనలేదు.

కానీ వంతలిద్దరూ డక్కీలు ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆమె వంగితేనే అందుకోవడం వాళ్ళకు తెలుసు. ఆమె వంగలేదు. వాళ్ళు అందుకోలేదు.

అంత మైదానమూ నిశ్శబ్దమైపోయింది. పైడితల్లి చేతిలో అందెలు ఆగిపోయాయి. కమిటీ పెద్ద తల తిప్పి సన్యాసిరావు చెవిలో ఏదో చెప్పబోయాడు.

లచ్చన్న కథకుడు. పుట్టి బుద్ధెరిగాక ఒకరికి వంత పాడినవాడు కాడు. వేదిక పక్కన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మైకు లేదు. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని శిష్యురాలి వైపు చూస్తూ వంత అందుకున్నాడు.

"తందాన తాన."