కడమడి చర్చి వెలసిన విధం

మేళ్లకుంటలో బస్సు దిగిన యాత్రికులు చర్చి ఎక్కడని అడిగితే, ఊరివాళ్లు ఊళ్లోకి కాక పొలాల వైపు చెయ్యి చూపిస్తారు. చెరువు తూము దగ్గర మొదలయ్యే పంటకాలువ వెంట వరిమళ్ల మధ్యగా నడవాలి. కాలువ సన్నబడి సన్నబడి ఇక ముందుకు పోలేక ఆగిపోయే చోట, రాతిగోడల చిన్న మందిరం ఒకటి కనిపిస్తుంది. అదే కడమడి చర్చి. కడమడి అంటే కాలువకు అన్నిటికన్నా చివరనున్న మడి. ఊరి నడుమ చక్కని స్థలాలుండగా, నీళ్లు కూడా ఆలస్యంగా వచ్చే ఈ మూలన ప్రభువు మందిరం ఎందుకు కట్టారని కొత్తగా వచ్చినవారికి అనుమానం కలగడం సహజం. అందుకు ఇక్కడి పెద్దలు చెప్పే కథ ఇది.

పూర్వం ఇక్కడ సీమోను అనే నీరుగంటి ఉండేవాడు. చెరువు నీళ్లను వంతుల ప్రకారం మళ్లకు పంచేవాణ్ణి నీరుగంటి అంటారు. తాతల నాటి నుంచి ఆ పని వాళ్ల ఇంటిదే. ఎంతటి ఆసామి అయినా సరే, సీమోను వచ్చి పార వేస్తే తప్ప తన మడికి నీళ్లు మళ్లించుకోవడానికి వీల్లేదు. ఊళ్లో మొదట బాప్తిస్మం పొందిన కుటుంబాల్లో అతనిదీ ఒకటి. ఆ కుటుంబాలన్నీ కలిసి ఊరి నడుమ గుడికి గోడలు లేపాయి గాని పైకప్పు వెయ్యలేకపోయాయి. కాలువ వెంట సగం దూరంలో సంఘానికి ఒక మడి ఉండేది. దానిని దేవుని మడి అనేవాళ్లు. ఆ ఏటి పంటతో కప్పు వేద్దామని, ఆడామగా అందరూ కూలి మానుకొని వచ్చి మరీ అందులో నాట్లు వేశారు.

నాట్లయ్యాక వానలు మొహం చాటేశాయి. చెరువు అడుగంటసాగింది. అప్పుడు సీమోను ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాడు. దేవుని మడి వంతు తీరాక కూడా మడవ కట్టకుండా, అంటే మడిలోకి నీళ్లు పారే గండి మూయకుండా, మరికాసేపు నీళ్లు పారనిచ్చేవాడు. అది తప్పని అతనికి తోచనే లేదు. దేవునికి కాస్త కొసరు వెయ్యడం భక్తే గదా అనుకున్నాడు. ఆ కొసరు ఎవరి వంతులో తరుగుతున్నదో మాత్రం తిరిగి చూడలేదు.

తరిగింది సుంకులమ్మ వంతు. కడమడి ఆమెది. ఆమె గొర్రెలకాపరుల ఇంటి మనిషి, భర్త చనిపోయాడు. ఆమెకూ ఇద్దరు ఆడపిల్లలకూ ఏడాది తిండి ఆ మడిలోనే పండాలి. ఆమె సంఘంలో మనిషి కాదు, ఊరి అమ్మవారికి మొక్కేది. పైరు వెన్ను తీసే ముందు పొట్టమీదుండగా ఆమె మడి బీటలు వారింది. ఒకనాటి పొద్దున ఆమె తూము దగ్గరికి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"ఏమప్పా సీమోనూ, మీ దేవునికి దప్పిక శానా ఎక్కువా?"

"కాలం అట్లుంది అక్కా, నేనేం చేసేది?"

"కాలం అందరికీ ఒకటే గదప్పా. నడిమి మడి పచ్చగుంది, నా మడి పర్రెలిచ్చింది. కాలానికి కండ్లున్నాయా, ఏరి ఏరి ఎండబెట్టేదానికి? మా అమ్మోరు ఏటికొక పుంజును అడుగుతాది, అంతే. మీ దేవుడు నా మడంతా అడుగుతాండాడే!"

ఆమె వెళ్లిపోయాక సీమోను సంగటి మూట విప్పనే లేదు. మధ్యాహ్నం కట్ట మీద కానుగ నీడన ఒరిగాడు. కన్ను మూతపడగానే కల వచ్చింది. బాటసారి ఒకాయన పెదవులు ఎండిపోయి కాలువ వెంట నడుస్తున్నాడు. సీమోను ఎదురువెళ్లి, "అయ్యా, ఇదిగో మీ మడి, నీళ్లున్నాయి, తాగండి" అన్నాడు. ఆయన ఆగలేదు. చివరిదాకా పోయి, సుంకులమ్మ మడిలో మోకరించి, పగిలిన నేల మీద అరచెయ్యి ఆనించాడు. ఆ చేతి మీద మేకు గాయం ఉంది. "సీమోనూ, నాకు దాహమేసేది ఇక్కడ" అన్నాడు.

సీమోను ఉలిక్కిపడి లేచాడు. చెరువులో ఇక మిగిలినవి ఒక్క మడికి చాలే నీళ్లు. ఆ సాయంత్రం కప్పులేని గోడల మధ్య సంఘం ప్రార్థనకు కూడినప్పుడు, తాను వేసిన కొసరు సంగతీ కల సంగతీ అతను దాచకుండా చెప్పాడు. మిగిలిన నీళ్లు కడమడికి వదులుతున్నానన్నాడు.

సంఘపెద్ద మోషయ్య మండిపడ్డాడు. "దేవుని మడి ఎండబెట్టి, అమ్మోరికి పుంజును కోసే దానికి నీళ్లిస్తావా? ఆమె మన మనిషా?"

"వంతు ఆమెది పెద్దయ్యా. నీళ్లు పంచేటోనికి మన మనిషి, పరాయి మనిషి అని ఉండకూడదు."

"మరి గుడికి కప్పు ఎట్లా?"

అందరూ చెమటోడ్చిన పైరు అది. అంతలో వెనకనుంచి అతని భార్య రాహేలమ్మ లేచింది. "కప్పు లేకుంటే ఎండలో పాడుకుందాం. ఇన్నాళ్లూ పాడల్యా? మోషయ్య మామకు నెత్తి కాలితే నా కొంగు కప్పుతా లే."

నవ్వులు పుట్టాయి. మోషయ్య మాత్రం నవ్వలేదు. అయినా మరునాడు తెల్లవారుతుండగా సీమోను దేవుని మడి మడవకు మట్టి వేసేసరికి, పక్కన రెండో పార పట్టుకొని నిలబడ్డది ఆయనే. ఇద్దరూ కాలువ వెంట ఎలుక బొరియలు పూడ్చుకుంటూ నీళ్లతోపాటు చివరిదాకా నడిచారు.

దేవుని మడి ఎండి గడ్డి అయింది. సంఘంలో కొందరు సీమోనుతో చాలాకాలం మాట్లాడలేదు. కడమడి మాత్రం పండింది. నూర్పిళ్లయ్యాక సుంకులమ్మ సంఘం దగ్గరికి వచ్చి, తన మడి పక్కనున్న మెరక నేల చెక్కను గుడికి ఇస్తున్నానంది.

"అంత దూరం ఎందుకక్కా?" అన్నాడు సీమోను.

"మీ దేవుడు నా మడిదాకా నడిచొచ్చినాడంట గదా. మళ్లా అంత దూరం ఎందుకు తిప్పి పంపేది? ఇక్కడే ఉండమను."

ఊరి నడుమ గోడలు విప్పి, ఆ రాళ్లనే మోసుకొచ్చి ఇక్కడ మందిరం కట్టారు. కప్పు వెయ్యడానికి మరి కొన్ని పంటలు పట్టింది. సుంకులమ్మ బతికినన్నాళ్లూ అమ్మవారికే మొక్కింది గాని, ఆదివారం పూట పాటలు వినడానికి గట్టు మీద వచ్చి కూర్చునేదట.

నేటికీ ఇక్కడ కోత పండుగనాడు ఒక ఆచారం ఉంది. కానుకలు బల్ల మీద పెట్టేముందు పాస్టరుగారు, "ఎవరి వంతైనా మన దగ్గర ఉందా?" అని అడుగుతారు. ఉన్నవారు తాము కానుకగా తెచ్చిన వరిపనను వాకిట్లోనే దించి, పోయి సరిచేసుకొని రావాలి. వచ్చేదాకా ఆరాధన ముందుకు సాగదు. మొన్నటి పండుగకు ఒక పెద్దరైతు ఇస్త్రీ బట్టలతోనే లేచి పొలానికి పోయి, తాను చెక్కి కలుపుకొన్న పొరుగువాని గట్టుకు తిరిగి మట్టి వెయ్యసాగాడు. అవతలి గట్టు మీద పొరుగువాడు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. "ఇంకో నాలుగు పారలెయ్ బావా, పోయినేటిది కూడా ఉంది" అన్నాడు. మందిరంలో వాళ్లు పాడిన పాటే మళ్లీ మళ్లీ పాడుతూ ఎదురుచూశారు. పండుగ వంట చల్లారిపోయింది గాని ఎవరూ విసుక్కోలేదు.

అలా సరిచేసుకొని వచ్చినవారి ఇంట కంటినిండా నిద్ర ఉంటుందని ఇక్కడివారి నమ్మకం. ఆనాడు ఆ రైతు మోకాళ్లదాకా బురదతో వచ్చి, గడప బయటే ఆగిపోయాడు. "అట్లే రాప్పా" అని పాస్టరుగారు చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయారు.