చిలుక అడిగిన ఒక్క మాట

పిల్లలూ, ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పొరుగు రాజు కూతురు తారావళిని ఒక మాంత్రికుడు ఎత్తుకుపోతే, ఆమెను తెస్తానని పెద్దవాడు వెళ్లాడు. రాలేదు. రెండోవాడు వెళ్లాడు. రాలేదు.

రాణి రోజూ సాయంత్రం కోట మెట్ల మీద కూర్చుని, రేవు నుంచి వచ్చే భటుణ్ణి చూసి “ఇంకా?” అనేది. ఆ ఒక్క మాటే. “ఇంకా రాలేదు తల్లీ” అనేవాడు భటుడు.

అది చూడలేక మూడోవాడు మణికర్ణుడు బయలుదేరాడు. ఒక ముసలి తాబేలు అతణ్ణి వీపున ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. తాబేలు ఈదుతున్నంతసేపూ మాట్లాడదు. పలకరించే మనిషి లేక మణికర్ణుడు తన పేరు తనే పిలుచుకునేవాడు.

దీవి కనబడగానే తాబేలు నోరు విప్పింది. “బాబూ, మాంత్రికుడి ప్రాణం అక్కడి పంజరంలో చిలుకలో ఉంది. వచ్చినవాళ్లను అది ‘ఇంకా?’ అని అడుగుతుంది. ఇంకా కావాలా అంటోందనుకుని మీ పెద్దన్న ‘చాలు’ అన్నాడు. రాయైపోయాడు. ఇంకా ఏమైనా చెబుతావా అంటోందనుకుని మీ చిన్నన్న ‘ఏమీ లేదు’ అన్నాడు. అతనూ రాయైపోయాడు.”

మణికర్ణుడు వెళ్లి ఆ రెండు రాళ్ల మధ్య నిలబడ్డాడు. చిలుక సముద్రం వైపే చూస్తూ “ఇంకా?” అంది. ఆ గొంతు వినగానే అతనికి మెట్ల మీద కూర్చున్న అమ్మ గుర్తొచ్చింది.

“ఇంకా రాలేదు తల్లీ” అన్నాడు మెల్లగా.

చిలుక కళ్ల వెంట నీళ్లు కారాయి. “నా జత కోసం వందేళ్లుగా అడుగుతున్నాను. ఇన్నాళ్లకు నీకు అర్థమైంది. నేను ఈ దీవి దాటితే ఆ మాంత్రికుడు చస్తాడు. కానీ నా రెక్కలు ఎగరడం మరిచిపోయాయి. నా గొంతు నులిమినా చస్తాడు. నులిమెయ్యి నాయనా!”

“నావల్ల కాదు” అని మణికర్ణుడు పంజరం తెరిచి, చిలుకను గాలిలోకి ఎగరేశాడు. కింద పడింది. మళ్లీ ఎగరేశాడు. మళ్లీ పడింది. అంతలో మాంత్రికుడు కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చాడు. మూడోసారి రెక్కలకు గాలి అందింది. చిలుక సముద్రం మీదికి వెళ్లిపోయింది. మాంత్రికుడు ఇసుకలో కూలిపోయాడు. రాళ్లు కదిలి అన్నలిద్దరూ లేచారు.

ఆ దీవిలోనే బందీగా ఉన్న తారావళిని తీసుకొచ్చి మణికర్ణుడికిచ్చి పెళ్లి చేశారు. ఏడేళ్లు ఒంటరిగా ఉన్న ఆమెకు మాట రావడం కష్టమైంది. మణికర్ణుడు తొందరపెట్టలేదు, రోజూ పక్కన కూర్చునేవాడు. ఒకనాడు భోజనాల వేళ అతని మీసానికి పెరుగు అంటుకుంటే ఆమె పకపకా నవ్వింది. అందరూ చేతులు ఆపి విన్నారు. ఆ తర్వాత వాళ్లిద్దరూ అరవై ఏళ్లు చల్లగా రాజ్యం ఏలారు.