పీచయ్య మాస్టారు ముక్కు దాచుకున్న కథ

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు, ఆ వాగు మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టు నిండా గిజిగాళ్ళే! గిజిగాడు తెలుసుగా? గడ్డిపోచలతో సొరకాయలా వేలాడే గూడు అల్లుతుందే, ఆ పిట్ట.

ఆ చెట్టు మీద ఒక కట్టుబాటు ఉంది. తొలివాన పడే వేళకి ప్రతి పిల్లా తన గూడు తానే అల్లుకుని అందులో కూర్చోవాలి. అప్పటికి అమ్మ గూట్లో కొత్త గుడ్లుంటాయి మరి, చోటెక్కడిది? గూడు లేని పిల్ల వానలో తడవాల్సిందే.

అందుకని కింది కొమ్మ మీద ఒక బడి పెట్టారు. దానికి పంతులు పీచయ్య మాస్టారు. అల్లికలో అతన్ని మించినవాడు ఆ చెట్టు మొత్తంలో లేడు. పిల్లలంటే ప్రాణం. మొదటి రోజు పొద్దున్నే బోలెడంత గడ్డి తెచ్చి కొమ్మ మీద కుప్పపోశాడు.

"రండర్రా, రండి! దీంతో ఏం చేస్తారో మీ ఇష్టం!" అన్నాడు.

అబ్బో, ఇక చూడాలి సందడి! రెండు పిల్లలు ఒకే పోచని చెరో కొస పట్టుకుని లాక్కున్నాయి. ఇంకొకటి పోచని మెడకి చుట్టుకుని పెళ్ళికొడుకులా ఊరేగింది. బుడంకాయ అనే బుల్లిపిల్ల మాత్రం వాగులోకి దిగి, పోచని నీళ్ళలో ముంచడం, తియ్యడం, మళ్ళీ ముంచడం. రోజంతా అదే పని!

సాయంత్రం బుడంకాయ వాళ్ళమ్మ తంగేడమ్మ వచ్చింది. "ఇవాళ ఏం నేర్పారు మాస్టారూ?" అని అడిగింది.

"ఆడుకున్నారమ్మా," అన్నాడు పీచయ్య.

"ఆడుకోడానికి బడెందుకండీ? రెక్కలన్నీ తడుపుకుంది. చూడండి దీని అవతారం!" అంటూ బుడంకాయని లాక్కుపోయింది.

రెండో రోజూ ఆటే. ఈసారి తంగేడమ్మ వెనక మిగతా తల్లులందరూ వచ్చారు. "అవతలి గట్టు మీద పిల్లలు అప్పుడే సగం గూడు అల్లేశారట! మావాళ్ళకి ఒక్క ముడైనా రాలేదు. రేపటికి గూళ్ళు కనబడకపోతే బడి మాన్పించేస్తాం," అన్నారు.

పీచయ్య హడలిపోయాడు. పిల్లలు లేని బడిలో తనేం చేస్తాడు పాపం! మూడో రోజు పిల్లలు రాగానే, "రెక్కలు ముడుచుకుని కూర్చోండి. కదలకుండా నేను చేసేది చూడండి," అన్నాడు. తనే టకటకా ముడులు వేసేశాడు. పదిమంది పిల్లలకి పది గూళ్ళు! బుడంకాయ వంతు వచ్చేసరికి అది పోచని ముక్కున కరిచిపట్టి వదల్లేదు.

"ఇటివ్వమ్మా, నీకు రాదు," అన్నాడు పీచయ్య.

"నేనే! నేనే!" అని బుడంకాయ ఏడుపు లంకించుకుంది. పొద్దుపోతోందని పీచయ్య దాని గూడు దాన్నే అల్లుకోమని వదిలేశాడు.

తల్లులొచ్చి చూసి ఎగిరి గంతేశారు. "మా బంగారుకొండలు ఎంత బాగా అల్లారో! మాస్టారంటే మీరండీ!" అన్నారు. పీచయ్య నిజం చెబుదామని నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. పొగడ్త తియ్యగా ఉంటుంది కదర్రా! తంగేడమ్మ ముఖం మాత్రం చిన్నబోయింది. "ఇదేం గూడే? కోడి కెలికినట్టుంది!" అంది బుడంకాయతో.

మర్నాడు పొద్దున్నే హోరుమని ఈదురుగాలి లేచింది. ఆ గాలి వచ్చిందంటే సాయంత్రానికి వాన ఖాయం. పీచయ్య ఎప్పుడూ పచ్చిగడ్డితోనే అల్లేవాడు, కానీ ఈ ముడులన్నీ మొదటి రోజు తెచ్చి ఎండిపోయిన గడ్డివి. తొందరలో వేసినవి కూడాను.

"మాస్టారూ, నాది ఊడింది!"

"నాదీ!"

"నాదీ మాస్టారూ!"

పీచయ్య ఇటు ఎగిరాడు, అటు ఎగిరాడు. ముక్కు ఒక్కటే, గూళ్ళు పది! ఇది కట్టేలోపు అది జారిపోయింది. పిల్లలేమో రెక్కలు ముడుచుకుని చూస్తున్నాయి. అదే కదా మాస్టారు నేర్పింది! ఆఖరికి పది గూళ్ళూ వాగులో కొట్టుకుపోయాయి. కోడి కెలికినట్టున్న ఆ ఒక్కటే దర్జాగా ఊగుతోంది.

"ఎలా కట్టావే?" అన్నాడు పీచయ్య తెల్లబోయి.

"ఎండుపోచ వంచితే పుటుక్కుమంది. తడిపితే వంగింది. ఆరాక గట్టిగా బిగుసుకుంది!" అంది బుడంకాయ.

ఇంతలో తల్లులు లబలబలాడుతూ వచ్చారు. "అంత చక్కగా అల్లారే! ఏమైపోయాయి?" అన్నారు. నెపం గాలి మీదికి నెట్టెయ్యొచ్చు. ఎవరికి తెలుస్తుంది? పీచయ్య ముడుచుకుని ఉన్న ఆ చిన్న రెక్కలవైపు చూశాడు. అతనికి సిగ్గేసింది.

"ఆ ముడులు పిల్లలవి కావమ్మా, నావి. మీ మెప్పు కోసం వాళ్ళ పని నేను చేసేశాను. వానకి ఇంకా ఒక పూట ఉంది. ఆ పూట పిల్లల్ని నాకు వదలండి. ఒక్క ముడి కూడా నేను వెయ్యను. మీరూ వెయ్యకూడదు," అన్నాడు.

తల్లులు గొల్లుమన్నారు. తంగేడమ్మ ముందుకొచ్చింది. "వదలండర్రా! తడిసొచ్చిందని నేను తిట్టిన పిల్లే గూడు నిలబెట్టుకుంది," అంది.

అంతే! పిల్లలన్నీ బిలబిలమంటూ వాగులోకి దిగాయి. నీళ్ళు చిమ్ముకున్నాయి, పోచలు ముంచాయి, కొమ్మలెక్కాయి. మొదటి ముడి జారింది. రెండోది వంకరపోయింది. పీచయ్యకి ముక్కు ఒకటే దురద! తట్టుకోలేక ముక్కుని రెక్క కింద దాచుకున్నాడు. మూడో ముడి...

"పట్టింది! మాస్టారూ, పట్టింది!"

"నాదీ పట్టింది!"

పై కొమ్మ మీద తల్లులు ఊపిరి బిగబట్టి చూశారు. ఒక తల్లి ఆగలేక, "ఇటు తిప్పవే..." అనబోయింది. "ఊఁహూఁ!" అన్నాడు పీచయ్య రెక్క కిందనుంచే.

టప్! టప్! వాన వచ్చేసింది! పదకొండు గూళ్ళు ఊగుతున్నాయి. ఒకటి బోర్లించిన ముంతలా ఉంది, ఒకటి అసలు ఎలా ఉందో చెప్పలేం. కానీ ప్రతి గూట్లోంచీ ఒక బుల్లి తల బయటికి చూస్తోంది. ఒక గూడు పక్కనుంచి కారుతోంటే పీచయ్య పాత అలవాటుకొద్దీ రివ్వున ఎగిరి వెళ్ళాడు.

లోపలి పిల్ల కసిరింది. "మాస్టారూ! చూడండి, ముట్టుకోకండి!"

పీచయ్య మళ్ళీ ముక్కు దాచుకున్నాడు. వానలో తడుస్తూ పకపకా నవ్వాడు.

నీతి: పిల్లల ముడి పిల్లలే వెయ్యాలి. పెద్దలు వేసిపెడితే మెప్పు పెద్దలకి, తడుపు పిల్లలకి.