నాంచారి గుక్క

ఏళ్ళకు లెక్క కట్టడం ఎవరికీ తెలియని రోజుల్లో, ఏటి రేవు పక్కన ఒక రోగుల సత్రం ఉండేదట. అందులో నాంచారి రోగులకు సేవ చేసేది. పుళ్ళు కడిగేది, పక్కలు మార్చేది, దాహమంటే నీళ్ళు పట్టేది.

ఒకనాడు పడవవాళ్ళు ఒళ్ళంతా గాయాలైన మనిషిని మోసుకొచ్చారు. వాడి మొహం మీది నెత్తురు తుడవగానే నాంచారి చెయ్యి ఆగిపోయింది. వాడు కాటడు. బందిపోటు. ఆమె అన్న ఎల్లమందను పొడిచి చంపినవాడు.

"దాహం" అన్నాడు కాటడు, కళ్ళు మూసుకునే.

నాంచారి విననట్టు బయటికి నడిచింది. రేవుదాకా వెళ్ళింది, తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. కాలు ఒకచోట నిలవలేదు.

"దాహం" అన్నాడు మళ్ళీ.

ఈసారి దొడ్లోకి వెళ్ళింది. గన్నేరు పప్పు నూరింది. ముంతలో నీళ్ళు పోసి కలిపింది. ముంత పట్టుకుని గడప దాటుతుంటే, పక్క మంచం మీది ముసలమ్మ చూసింది.

"వచ్చావా తల్లీ! ముందు నాకో గుక్క పొయ్యవే" అంటూ నోరు తెరిచింది.

నాంచారి గిరుక్కున వెనక్కి తిరిగింది. పరుగున వెళ్ళి దొడ్లో గొయ్యి తీసి ఆ నీళ్ళు పారబోసింది. ముంత పగలగొట్టి అందులోనే పూడ్చింది. చేతులు ఇసకతో తోమింది, మళ్ళీ తోమింది. ముసలమ్మకు మంచినీళ్ళు పట్టింది.

"దాహం" అన్నాడు కాటడు మూడోసారి. మాట సగమే వచ్చింది.

ఆమె కొత్త ముంతతో నీళ్ళు తెచ్చింది. కాటడు కళ్ళు తెరిచాడు, గుర్తుపట్టాడు. మూతి బిగించాడు.

"నువ్వు ఎల్లమంద చెల్లెలివి కదూ?"

"అవును."

"ఇందులో ఏం కలిపావు?"

నాంచారి పుడిసిట్లో కాసిని ఒంపుకుని, వాడు చూస్తుండగా ఒక గుక్క మింగింది.

"ఇప్పుడు తాగు."

వాడు తాగాడు. తాగుతూ ఏడ్చాడు.

వాడు లేచి నడిచేదాకా ఆమే కట్లు కట్టింది. "వాణ్ణి క్షమించావా అమ్మా?" అని సత్రం వైద్యుడు అడిగాడు.

"లేదయ్యా. వాడి మొహం చూస్తే ఇప్పటికీ కడుపు రగులుతుంది. కానీ మంచాన పడ్డవాడికి పట్టాల్సింది నీళ్ళు, నా పగ కాదు."

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, ఎవరికి నీళ్ళిచ్చినా ముందు తానో గుక్క తాగేది. రోగికి ధైర్యం చెప్పడానికనుకున్నారు జనం. ఆమెకు మాత్రం, తన చేతిని తాను పరీక్షించుకోకపోతే నెమ్మది ఉండేది కాదు.

నాంచారి పోయింది. సత్రం ఏట్లో కలిసిపోయింది. ఆ రేవు ఊళ్ళలో మాత్రం ఇప్పటికీ జబ్బు మనిషికి నీళ్ళు పట్టేవాళ్ళు ముందు పుడిసిట్లో ఒంపుకుని తాగుతారు. ఎవరైనా మరిచిపోయి ముంత అందించారా, రోగి ఎంత దాహంతో ఉన్నా తల తిప్పేస్తాడు.

"నాంచారి గుక్క ఏదమ్మా?" అంటాడు.