అసిరి నడక

వినండర్రా, వినండి. మన తాతల తాతలకి కూడా ఇది పాత కథే. ఆ రోజుల్లో ఈ కొండల మీద పన్నెండు గూడేలుండేవి. గూడేనికీ గూడేనికీ మధ్య వాగో, లోయో అడ్డం. ఆ గూడేలన్నీ తిరిగి ఉప్పు అమ్ముకునే మనిషి అసిరి. నెత్తిన గంప. కాళ్లకి చెప్పులైనా లేవు.

ఒక వానాకాలం అసిరి చెల్లెలు కాన్పు కష్టమై బిడ్డతో సహా పోయింది. మంచి మంత్రసాని పక్క కొండ మీదే ఉంది. ఆ సంగతి చెల్లెలి గూడెంలో ఎవరికీ తెలీదు. తెలిసిన అసిరేమో ఆవేళ ఎక్కడో దూరాన ఉప్పు అమ్ముతోంది.

"నాకు తెలిసింది వాళ్లకి తెలియకపోయె!" అని గుండెలు బాదుకుంది.

ఆ యేడే రాజుగారు చాటింపు వేయించారు. కొండ జనం వైద్యానికి ఖజానా నుంచి సాయం చేస్తాం, ఏం కావాలో వచ్చి అడగండి అని.

ముగ్గురు వెళ్లారు. ఒక గూడెం పెద్ద, వైద్యశాలకి రాతి మేడ అడిగాడు. పట్నం వైద్యుడు బండెడు మందులు అడిగాడు. మూడో మనిషి అసిరి.

"దొరా, నాకూ, నాతో నడిచే ఇద్దరికీ మూడు కాలాలకి సరిపడా తిండిగింజలు ఇప్పించండి."

"దేనికమ్మా?"

"నడవడానికి. అడగడానికి. తెలుసుకోడానికి."

సభంతా గొల్లున నవ్వింది. "ఉత్త నడకకి ఖజానా సొమ్మా?" అన్నాడు మంత్రి.

"మేడ ఏ వాగుకి ఇవతల కడతారు బాబూ? వానల్లో అవతలోళ్లు ఎలాగొస్తారు? ఏ గూడెంలో ఏ రోగమో తెలీకుండా ఏ మందు పంపుతారు? మీకు తెలిస్తే చెప్పండి, నాను ఇంటికెళ్లిపోతాను."

రాజుగారు, "ముందు ఈవిడకివ్వండి. మేడ సంగతి తరవాత," అన్నారు.

తోడు ఇద్దరితో అసిరి వానాకాలం నడిచింది. ఏ దారి మునుగుతుందో చూసింది. చలికాలం నడిచింది. ఏ ఇంట ఏ జబ్బో అడిగింది. ఎండాకాలం నడిచింది. పసరు వైద్యులెవరో, ఎముకలు కట్టేదెవరో, మంత్రసానులెవరో కనుక్కుని అందరినీ ఒకచోట కూర్చోబెట్టింది. డప్పు ఒక దరువేస్తే జ్వరం, రెండేస్తే గాయం, మూడేస్తే కాన్పు అని ఒప్పించింది. ఒక గూడెం డప్పు వినబడితే పక్క గూడెం అందుకోవాలి.

మళ్లీ వానలొచ్చాయి. ఇదంతా ఏమాత్రమో చూద్దామని మంత్రి స్వయంగా కొండెక్కాడు. ఆవేళే ఒక కోడలుపిల్లకి పురిటినొప్పులొచ్చాయి. కింద వాగు పొంగుతోంది. మూడు దరువులు పడ్డాయి. ఆ కొండ అందుకుంది, ఈ కొండ అందుకుంది. ఎసరు మరిగేలోపు మంత్రసాని మునగని పైదారిన వచ్చేసింది. కాసేపటికి లోపల పసిబిడ్డ కేరుమంది.

మంత్రి తలపాగా తీసి చేతులు జోడించాడు. "అమ్మా, మేడ ఎక్కడ కట్టాలో నువ్వే చూపించు."

అసిరి మేడ వద్దంది. వాగులు అడ్డం రాని మూడు చోట్లు చూపించి, వైద్యానికి మూడు చిన్న ఇళ్లు కట్టించింది.

అసిరి పోయి ఎన్ని తరాలైందో ఎవరూ చెప్పలేరు. కానీ ఇప్పటికీ తొలకరి ముందు గూడేనికి ముగ్గురు చొప్పున బయల్దేరతారు. గడప గడపకీ వెళ్లి, "ఇంట్లో ఎవరికి నలతగా ఉంది? ఏ నిండుచూలాలు నీళ్లాడబోతోంది?" అని అడుగుతారు. దాని పేరే అసిరి నడక. ఎవరైనా ముందూవెనకా కనుక్కోకుండా పెద్ద పని తలపెడితే, "అసిరి నడక అయిందా?" అంటారు.

మన కొండ పిల్లనెవరినైనా మీది ఏ ఊరని అడిగి చూడండి. ఊరి పేరు చెప్పదు. తలెత్తి, "అసిరి నడిచిన కొండ మాది," అంటుంది.