కింది చెయ్యి

కాశిం సారుకు కాలు ఒకచోట నిలిచేది కాదు. బడిలో పాఠం చెప్పినా, హోటల్లో టీ తాగినా నిలబడే. సోమవారం లారీ వస్తుందని తెలిసినప్పటి నుంచి ఆయనకు నిద్ర కూడా కరువైంది.

ఆ ఊరివాళ్లు ఏటా చలికాలం సుగ్గికి పోతారు. పండని చేలను అట్లే వదిలి, సంసారాలకు సంసారాలే లారీ ఎక్కి గుంటూరు వైపు మిరప కోతలకు పోవడాన్నే అక్కడ సుగ్గి అంటారు. పిల్లలూ వెంట పోతారు. తొమ్మిదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ అవుతాయి. వాటిలో కొన్ని మళ్లీ నిండవు.

కాశిం ఆ తరగతికి తెలుగు చెప్తాడు. ఒక పక్షం పట్టి వాదిస్తూ వ్యాసం రాయడం నేర్పుతాడు. మంచి పనివాడే, కాదనను. కాకపోతే ఆయన పద్ధతి ఆయనది. మన పక్షం మాటలే రాయండి, అవతలివాడికి పనికొచ్చే మాట ఒక్కటి కూడా మన వ్యాసంలో కనపడకూడదు, వాడికి నోరు తెరిచే సందు ఇవ్వద్దు అనేవాడు. పిల్లలు అట్లే రాసేవాళ్లు.

ఈసారి, పిల్లలను సుగ్గికి తీసుకుపోవచ్చునా అన్న విషయం ఇచ్చాడు. కూడదంటూ ఉరుకుందమ్మ అనే పిల్ల రాసింది చదివి ఆయనకు ఒళ్లు పులకరించింది. ఆ పిల్ల కూడా ఈ సోమవారమే లారీ ఎక్కాల్సింది. ఈ వ్యాసం వింటే ఏ తండ్రి అయినా ఆగుతాడని ఆయనకు తట్టింది. తట్టినదాన్ని కాసేపు ఆగి చూసుకునే అలవాటు ఆయనకు లేదు.

ఆ సాయంత్రమే పిల్లను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాడు. అరుగు మీద వాళ్లమ్మ నాగేంద్రమ్మ చేటలో బియ్యం ఏరుతూంది. బాగున్నావా అమ్మా అని ఎదురుగా నిలబడి అడిగితే, ఆమె తలెత్తి ఎవరని అడిగింది. కళ్లెదుటి మనిషిని పట్టుకుని ఎవరనడం ఆయనకు కష్టంగానే తోచింది. సరే, పట్టించుకోలేదు. తండ్రి గిడ్డయ్యను పిలిచి, వీధిలోనే ఉరుకుందమ్మ చేత వ్యాసం చదివించాడు. ఇరుగుపొరుగు మూగారు. కూలీలను కుదిర్చి లారీ తెచ్చే మేస్త్రీ తమ్ముడు కూడా వచ్చి నిలబడ్డాడు.

గిడ్డయ్య తల వంచుకుని చివరి దాకా విన్నాడు. భుజం మీది తువ్వాలు దులుపుకుని లోపలికి పోయాడు. మరునాడు ఉరుకుందమ్మ బడికి రాలేదు.

కాశిం ఉండబట్టలేక గుట్ట కింది దర్గాకు పోయాడు. అక్కడ బుడేసాబు సామి ఉంటాడు. కాశిం చదువుకునే రోజుల నుంచీ ఆయన దగ్గరికి పోయి కూర్చుంటాడు, అంటే ఆయన కూర్చుంటే ఇతను ఎదుట పచార్లు చేస్తాడు. సుగ్గికి పోయేవాళ్లు చేల గట్ల మీద చలికి పడుకుంటారని, సామి పాత చీరలు అడిగి తెచ్చి, పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టి ఇస్తుంటాడు. ఆ పొద్దూ అదే పనిలో ఉన్నాడు.

కాశిం అటూ ఇటూ తిరుగుతూ జరిగిందంతా చెప్పాడు. వ్యాసం మొత్తం చదివి వినిపించాడు. ఇందులో ఎక్కడ లోపముందో చూపించమన్నాడు.

సామి సూది ఆపి, "ఆ పిల్ల నాయన ఏమన్నాడు?" అని అడిగాడు.

"ఏమంటాడు సామీ, జవాబుంటే కదా. లేచి పోయినాడు."

సామి బొంతను ఇతని వైపు జరిపాడు. వేళ్లు నొస్తున్నాయనీ, ఈ వరస నువ్వు కుట్టమనీ సూది అందించాడు. సూది మాత్రం పై చీర దాటి కిందికి దిగకూడదని చెప్పాడు.

కాశింకు ఒళ్లు మండింది. లారీ రెండు రోజుల్లో వస్తుంటే ఈ బొంతేమిటి అనుకున్నాడు. కానీ సామి మాట కాదనలేడు. కూర్చుని, చకచకా కుట్టాడు. కుట్లు దగ్గర దగ్గరగా, వంకర లేకుండా, చూడముచ్చటగా పడ్డాయి. వరస పూర్తయ్యాక తనకే ముచ్చటేసింది.

సామి పై చీర అంచు పట్టుకుని లేపాడు. కుట్లతో సహా అది ఒక్కటే లేచి వచ్చింది. కింది పొరలు ఉన్నచోటే ఉన్నాయి.

"మీరే కదా సామీ దిగనీయొద్దన్నారు" అన్నాడు కాశిం, చిరాకు దాచుకోకుండా.

"ఇప్పుడు దిగనీ."

కాశిం కుట్టు విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. ఎడమచెయ్యి బొంత కిందికి పెట్టి పైనుంచి సూది దించాడు. మొన పోయి వేలిలో దిగింది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు.

"కింది నుంచి చెయ్యి తియ్యొద్దప్పా" అన్నాడు సామి. "సూది అవతలికి పోయిందో లేదో చెప్పేది అదే."

కాశిం చెయ్యి మళ్లీ కింద పెట్టాడు. ఇంకోసారి గుచ్చుకుంది. ఈసారి తియ్యలేదు. కుడుతూ కుడుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. నాగేంద్రమ్మ చేటలో బియ్యం ఏరడం గుర్తొచ్చింది. ఆమె చూపు చేట మీద లేదు. గింజలను వేళ్లతో తడుముతూంది.

సూది బొంతకు గుచ్చి లేచాడు. నేరుగా ఊళ్లోకి నడిచాడు.

గిడ్డయ్య ఇంటి వెనక ఉరుకుందమ్మ గిన్నెలు మూట కడుతూంది. సారును చూసి భయపడి లేచి నిలబడింది. వీధిలో వినపడకుండా కాశిం మెల్లగా అడిగాడు. మీ నాయన పక్షాన వ్యాసం రాయమంటే ఏం రాస్తావమ్మా అన్నాడు.

ఆ పిల్ల మూట పక్కకు జరిపింది. తర్వాత చెప్పింది. అమ్మ కళ్లకు పొరలు కమ్మినాయంట. ఏది పండు కాయో ఏది పచ్చి కాయో కంటికి ఆనదంట. నిరుడు ఈ పిల్లే పక్కన ఉండి, అమ్మ చెయ్యి పట్టి కోయించిందంట. మేస్త్రీకి తెలిస్తే అమ్మను లారీ ఎక్కనీడు. ముగ్గురం వస్తామని నాయన మాటిచ్చినాడు. ఆ మాట వీధిలో ఎట్లా చెప్తాడు సార్, అంది.

"మరి ఇది నీ వ్యాసంలో లేదే?"

"మనకు ఎదురొచ్చే మాట రాయొద్దని మీరే చెప్పినారు కదా సార్."

వీధిలో అంతమంది ముందు, ఈ మాట కడుపులో పెట్టుకుని, ఆ పిల్ల కన్నతండ్రి మీద వ్యాసం చదివింది. చదివించింది తను. కాశిం సిగ్గుతో చితికిపోయాడు.

గిడ్డయ్య పెరట్లోకి వచ్చాడు. సారును చూసి మొహం తిప్పుకున్నాడు. కాశిం తన వాదం ఎత్తలేదు. గిడ్డయ్య వైపు మాటలే, నాగేంద్రమ్మ కళ్లూ, మేస్త్రీ, ఇచ్చిన మాటా అన్నీ వరసగా చెప్పి, ఇందులో ఏమన్నా తప్పిపోయిందా అన్నా అని అడిగాడు.

గిడ్డయ్య ఈసారి ఇటు తిరిగాడు. "ఒకటి తప్పింది" అన్నాడు. "దాన్ని బడి మాన్పించాలని నాకూ లేదు."

తర్వాత నులక మంచం వాల్చాడు. "కూచో. ఇప్పుడు చెప్పు సారూ, నువ్వేమంటావో."

కాశిం కూర్చున్నాడు. మంచం మీద నిలకడగా కూర్చోవడం ఆయనకే కొత్తగా ఉంది. నాగేంద్రమ్మను కర్నూలు ఆసుపత్రిలో చూపిస్తే పొరలు తీస్తారనీ, తోడుండి తీసుకుపోతాననీ, ఆమె దగ్గర ఉరుకుందమ్మ ఉంటే బడీ నడుస్తుందనీ చెప్పాడు. చెప్పడంలో ఇదివరకటి జోరు లేదు. గిడ్డయ్య మధ్యమధ్య అడ్డం వచ్చాడు. వచ్చినప్పుడల్లా కాశిం ఆగాడు.

"అన్నీ బాగుండాయి. మేస్త్రీకి ఏమని చెప్తావు?"

కాశిం మంచం మీది నుంచి లేచాడు.

"ముందు ఆయన ఏమంటాడో విని వస్తాను, అన్నా" అన్నాడు.

మేస్త్రీ దగ్గర వినాల్సింది చాలానే ఉండింది. తోట యజమానికి ఇన్ని చేతులని లెక్క ఒప్పుకున్నాడు, తగ్గితే అతని మెడకే చుట్టుకుంటుంది. అతని గోడూ గోడే. చివరికి తల్లీకూతుళ్లకు బదులు గిడ్డయ్య తమ్ముడూ మరదలూ ఆయనతో పాటు పోయేటట్టు కుదిరింది. సోమవారం లారీ కదిలేటప్పుడు గిడ్డయ్య నవ్వలేదు. పెళ్లైనప్పటి నుంచి నాగేంద్రమ్మను విడిచి సుగ్గికి పోవడం ఆయనకు అదే మొదటిసారి. సామి ఇచ్చిన బొంత చంకలో పెట్టుకుని, పిల్ల బాగా చదివింది సారూ ఆ పొద్దు, అని మాత్రం అన్నాడు.

కాశిం అక్కడి నుంచి దర్గాకు పోయాడు. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. సామి కొత్త బొంతకు పొరలు పరుస్తున్నాడు. ఇతన్ని చూసి, కాస్త జరిగి చోటిచ్చి, దారం ఎక్కించిన సూది చాపాడు.

కాశిం కూర్చుని, సూది అందుకోకముందే ఎడమచెయ్యి బొంత కింద పెట్టాడు.