బోయీ బరువు చూశాడు

రాజును జనమే ఎన్నుకునే దేశం ఒకటుండేది. అక్కడ తూర్పు పక్షం తరఫున నిలబడతామని ముగ్గురు ముందుకొచ్చారు. వాళ్లకి రాజ్యపు రత్నాల కొట్టు చూపించి, పల్లకీల్లో తిరిగి తీసుకొచ్చాడు బోయీల పెద్ద సింగన్న. వాళ్లలో యోగ్యుడెవరో సభలో చెప్పాల్సిందీ అతనే.

పక్షాధిపతి అతని చెవిలో, "ఆ ముగ్గురిలో మా బావమరిదే యోగ్యుడని సభలో చెప్పు. లేదంటే నీ తల ఉండదు" అన్నాడు.

ఆ బావమరిది వెన్నెలలాంటి నవ్వంటే సింగన్నకి మొదట్నుంచీ అనుమానమే. భుజానికి ఏ తేడా తెలియకపోయినా, "అయ్యా, కొట్టు నుంచి వచ్చేటప్పుడు ఒకరు బరువెక్కారు. మళ్లీ ఎక్కండి, మోసి ఎవరో చెబుతా" అన్నాడు సభలో.

ఇద్దరు ఎక్కి కూర్చున్నారు. బావమరిది నడుం పట్టుకుని, "నాకు నడకే ఇష్టం" అంటూ గుమ్మంవైపు జరిగాడు. సభంతా అతని నడుంకట్టువైపే చూసింది.

"ఆ సంగతి ముందే చెబితే పోయేదిగా బాబూ, కొట్టుకీ నడిపించే తీసుకెళ్లేవాళ్లం" అన్నాడు సింగన్న.